చూద్దాంలే

మనవరాలిని చూసుకోవడానికి సముద్రాలు దాటి క్వేకర్స్ హిల్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి ఆరు నెలలు కావస్తోంది. కాకినాడలో నా టైలరింగ్ షాపు షట్టర్ దించేసి వచ్చాను. శ్రావణమాసం వచ్చిందంటే జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు వరసకడతారు. ఆ నెల కూడా మూసే ఉంచితే వాళ్ళంతా ఇంకో చోటు వెతుక్కుంటారు, మళ్ళీ నా గడప తొక్కరు. ఆషాఢం వెళ్ళేలోపే తిరుగు టికెట్ ఉంది కదా అని నిబ్బరంగా ఉన్నాను.

"ఈ శనివారం ఆపెరాకి వెళ్దామా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. మంచివాడు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడితే సగం ఇంగ్లీషే. భాష తెలియని పాటలకి నేనెందుకు? అయినా అల్లుడి మొహం మీద వద్దంటామా?

"చూద్దాంలే బాబూ" అన్నాను. మా ఇళ్ళల్లో ఆ మాటకి అర్థం చంటిపిల్లలకీ తెలుసు. వద్దు, ఇక అడక్కు అని.

"గ్రేట్!" అని వెంటనే టికెట్లు బుక్ చేసేశాడు. మొహమాటానికి పోతే కడుపయిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

పిల్లని పక్కింటి ఆంటీకి అప్పగించి మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. సరిగ్గా వరస మధ్యలో కూర్చోబెట్టారు నన్ను. స్టేజి మీద ఒకావిడ ప్రాణం పోతూ పోతూ కూడా గొంతెత్తి పాడుతూనే ఉంది. ఇంతలో ఒళ్ళో బ్యాగులో ఫోను వణకడం మొదలెట్టింది. నాకు షాపు గది అద్దెకిచ్చిన ఓనరు. లేచి వెళ్దామంటే అటు పదిమంది మోకాళ్ళు, ఇటు పదిమంది మోకాళ్ళు. "ఫోన్ తీయకమ్మా, ప్లీజ్" అని అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. చచ్చానురా దేవుడా అనుకుని అలాగే బిగుసుకుపోయి కూర్చున్నాను. ఫోను ఆగింది, మళ్ళీ మోగింది. ఆవిడ మాత్రం ఇంకా చావలేదు.

బయటికొచ్చాక మెసేజ్ విన్నాను. "అక్కా, శ్రావణానికి వస్తావా రావా? సెల్‌ఫోన్ల షాపు వాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేస్తా మరి." వచ్చేస్తున్నా, ఎవరికీ ఇవ్వకు అని జవాబు పెట్టాకే నాకు ఊపిరాడింది.

మర్నాడు ఫెర్రీ ఎక్కించి జూకి తీసుకెళ్ళారు. ఇక్కడ ఇది చలికాలం, గాలికి చెవులు తెగిపోతున్నాయి. జిరాఫీల వెనకాల నీళ్ళు, ఆ వెనక సిటీ మొత్తం కనబడుతోంది. బాగుంది, కాదనను. ఇవన్నీ మావాళ్ళకి చెప్పాలి అనుకుంటూ, "ఇంకో పదిరోజుల్లో ఈపాటికి నేను షాపులో ఉంటాను" అన్నాను.

అల్లుడు తెల్లబోయాడు. "లేదత్తయ్యా, యువర్ టికెట్ నెక్స్ట్ ఇయర్‌కి మార్చేశాను కదా! వీసా ఎక్స్‌టెన్షన్‌కి కూడా అప్లై చేశాం. ఇంకో ఇయర్ ఉంటారా అని లాస్ట్ మంత్ అడిగితే మీరేగా చూద్దాంలే అన్నారు?"

అన్నాను. అక్షరాలా అదే అన్నాను. నా నోరు పడిపోను!

అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పాపం, మాట ఇచ్చాననే అనుకున్నాడు. కాఫీలు తెస్తానని అతను అటు వెళ్ళగానే అమ్మాయి వైపు తిరిగాను. సైకిల్ కొనమన్నా, కాలేజీ టూరుకి పంపమన్నా నా నోట ఆ మాటే విని, గదిలోకి పోయి ఏడ్చిన పిల్ల అది.

"అతనికి తెలీదు సరే. నేను చూద్దాంలే అన్నానంటే ఏంటో నీకు తెలీదుటే?"

అది మనవరాలి టోపీ సర్దుతూ తలెత్తలేదు. "తెలుసు. షాపు మాటొస్తే చూద్దాంలే కూడా అనవు, నేనడిగితే కుదరదని మొహానే చెప్పేస్తావు. అందుకే ఆయన చేత అడిగించాను." టోపీ నాడా ముడేసి, "చైల్డ్‌కేర్‌లో సీటు లేదమ్మా. పారమట్టాలో జాబ్ మళ్ళీ స్టార్ట్ చేయాలి. నేనేం చేయను?" అంది.

ఒళ్ళు మండిపోయింది. దాని కళ్ళకింద నలుపు చూసి జాలీ వేసింది. 

"టికెట్ మళ్ళీ మార్పించవే. నా షాపు పోతుందే" అన్నాను. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

అది నా భుజం మీది శాలువా సరిచేసింది. పిల్లని ఎత్తుకుని జిరాఫీల వైపు తిరిగింది.

"చూద్దాంలే అమ్మా" అంది.