పాలిష్ కింద పగులు

సొన్నప్ప చేతిలోని గుడ్డముడి ఊతకర్రల జతలో రెండోదాని మీద పైకీ కిందికీ తిరుగుతోంది. స్పిరిట్టులో కరిగిన లక్క పొర మీద పొర ఎక్కి టేకు నిగనిగలాడుతోంది. నడుమ జానెడు మేర మాత్రం అతను రెట్టింపు పొరలు వేస్తున్నాడు. అక్కడ సన్నటి పగులు. పొద్దున చూశాడు, లక్కలో రంపంపొట్టు కలిపి పూడ్చాడు. పాలిష్ ఎక్కాక పూడ్చినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

యుద్ధం వచ్చినప్పటి నుంచి మంచి కలపంతా పటాలానికే పోతోంది. మరో ముక్క కోసం తిరిగే వ్యవధి లేదు. బర్మాలో ఒక కాలు పోగొట్టుకొచ్చిన వెంకటేశప్పకు మిల్లు గేటు దగ్గర కాపలా పని దొరికింది. సోమవారం తనంతట తాను నడిచి వస్తేనే పని. ఇవాళ శనివారం.

వెంకటేశప్ప తల్లి నంజమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. కబ్బన్‌పేటలో ఆమెది పక్క సందే.

"అద్దం మాదిరి ఉండాది కదప్పా!" అని కుడిచేత్తో కర్ర నిమిరింది. ఆ మణికట్టు వంకర. అయిదేళ్ళ కిందట సొన్నప్ప చేసిచ్చిన పీట ఆమె ఎక్కగానే విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ పీట కాలికీ ఇదే లక్క, ఇదే పొట్టు.

"ఆసుపత్రిలో దొరలు మాటకు కూడా పాలిష్ పెడతారంట, నా కొడుకు చెప్పె. కాలు కోసే పొద్దుకి కూడా ఏమీ కాదనే అన్నారంట. నువ్వు మోటు మనిషివి. నీకాడ అదంతా లేదు."

సొన్నప్ప గుడ్డ కింద పెట్టాడు. ఊతకర్రను రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి, నడుమ కాలు మోపి బరువంతా వేశాడు. కర్ర ఫెళ్ళున విరిగింది. ఎర్రటి పొట్టు రాలింది.

"అయ్యో, ఏంపనప్పా ఇది!"

"పగులుంటే పూడ్చినానక్కా. మీ పీటకూ అట్లే చేసినా. మీ చెయ్యి నావల్లే విరిగింది."

నంజమ్మ తన వంకర మణికట్టు వైపు చూసుకుంది.

"నా బరువుకే విరిగిందనుకుంటినే! అయిదేండ్లుగా ఒక ముద్ద తక్కువ తింటా ఉండానే, పాపిష్టోడా! మా ఇంటికొచ్చి కట్టు చూసిపోతివి గదా. అప్పుడు నోట్లో ఏముండె, లక్కనా?"

సొన్నప్ప లోపలికి వెళ్ళి తన మంచం పట్టె ఊడదీసుకొచ్చాడు. తాత కాలంనాటి టేకు, బాగా ఆరిన కర్ర. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు, వేలిగణుపుతో తట్టి విన్నాడు. రంపం పట్టాడు.

"నేనింటికి పోను. నా కళ్ళ ముందరే చెయ్యి" అంది నంజమ్మ.

ఆదివారం మధ్యాహ్నం, పడుకోవడానికి మాత్రమే ఇంటికి వెళ్ళొచ్చిన ఆమె మళ్ళీ అదే గడప మీద కూర్చుని ఉండగా, చంక కింది అడ్డకర్రకు ఆఖరి చీల దిగింది. సొన్నప్ప పాలిష్ సీసా ముట్టుకోలేదు. పగలని జత కర్ర మీది పాలిష్ కూడా గీకేశాడు. రెండూ నిగనిగ లేకుండా, కర్ర చారలు కనబడుతూ ఉన్నాయి.

నంజమ్మ లేచింది. ఒక్కొక్కటీ చంకలో పెట్టుకుని, వంకర చేత్తో పిడి పట్టి, రెండో చెయ్యి గోడకు ఆనించి, నేల మీద కాళ్ళు ఆననీయకుండా వేలాడి చూసింది. రెండోసారి కూడా చూసింది.

"నా బరువు మోసినాయి" అంది.

సొన్నప్ప తలెత్తలేదు. ఆమె కర్రలు రెండూ భుజాన వేసుకుని సందు మలుపు తిరిగింది.