వద్దుగారి చుక్క

మా అపార్ట్‌మెంటులో మా ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. వాచ్‌మన్ దగ్గర్నుంచి మూడో అంతస్తు డాక్టరమ్మ దాకా అందరికీ ఆయన వద్దుగారే. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా తలుపు కొట్టి "వద్దుగారున్నారా అండీ?" అంటే, "ఉన్నారు, రండి" అంటున్నాను.

ఆ పేరు ఊరికే రాలేదు. ఫోనులో ఏ యాప్ ఏం అడిగినా ఆయన 'వద్దు' అనే నొక్కుతాడు. మీరెక్కడున్నారో చూడనిస్తారా? వద్దు. మీ ఫొటోలు చూడనిస్తారా? వద్దు. "టార్చిలైటుకి నేనెక్కడున్నానో ఎందుకే? చీకట్లో ఉన్నానని తెలుసుగా, చాలదూ?" అంటాడు. గేటు దగ్గర మొహం చూసి తలుపు తీసే యంత్రం పెట్టినప్పుడు, మొహం ఇవ్వనన్నది భవనం మొత్తానికి ఈయనొక్కడే. అసోసియేషన్ వాళ్ళ చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరి, పక్క తలుపుకి ఒక తాళంచెవి సంపాదించాడు. ఆ తలుపు చెత్తడబ్బాల పక్కన ఉంటుంది. ఆయన ముక్కు మూసుకుని అటునుంచి వస్తాడు. నేను మాత్రం మొహం చూపించి దర్జాగా ముందునుంచే వస్తాను.

ఇంతా చేసి ఈయన చేసే పనేమిటయ్యా అంటే, ప్రోగ్రాములు రాయడం. పాతికేళ్ళుగా అదే. "వంటవాడే హోటల్లో తిననంటే ఎలాగండీ?" అని నేనంటే, "వంటింట్లో ఏం జరుగుతుందో వాడికే కదా తెలిసేది" అంటాడు.

ఒకసారి కింది ఫ్లాటు లెక్చరర్ గారు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు, ఏ కోర్సు చేరిస్తే మంచి ఉద్యోగం వస్తుందో చెప్పమని. ఈయన కాఫీ తాగుతూ ఆ అమ్మాయితో, "ఏ కోర్సయినా ఆరు నెలల్లో వచ్చేస్తుందమ్మా. పైవాడు రాయమన్నదాన్ని నేను రాయనని చెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. అది రాకపోతే నువ్వు ప్రోగ్రామరువి కావు, వేళ్ళు అద్దెకిచ్చినదానివి" అన్నాడు. లెక్చరర్ గారు కప్పు సగంలో వదిలేసి లేచాడు. వాళ్ళు గుమ్మం దాటగానే నేను అందుకున్నాను. "మీ సిద్ధాంతాలు ఏదో ఒకరోజు మీ ఉద్యోగానికి ఎసరు పెడతాయి. ఆ రోజు మాత్రం నా ఎదుటికి రాకండి" అన్నాను. ఈ మాట నేను అప్పటికి ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. నా నోటి సంగతి నాకు తెలుసు, దానికి పెద్దగా అర్థాలుండవు.

ఇక మా అత్తగారు. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే. నంబరు చెప్తే లైను కలిపే రోజుల మనిషి. "కలిపాక వినొచ్చు. కానీ వినకూడదు. హెడ్‌ఫోను పక్కన పెట్టేసేదాన్ని" అని చెప్పేది. మా ఆయనకి ఈ పట్టింపు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ మాతోనే ఉంటుంది. సాయంత్రం కాగానే చెప్పులు వేసుకుని ఒక్కతే బయటికి వెళ్తుంది. మందుల షాపు, పార్కు, మూలనున్న బట్టల ఇస్త్రీ కొట్టు, మళ్ళీ ఇల్లు. తోడు వస్తానంటే కోపం.

ఆమధ్య ఆవిడ మతిమరుపు ముదిరింది. ఒకరోజు వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. తల ప్రాణం తోకకొచ్చేలా వెతికితే, మేం ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ ఇంటివాళ్ళు పాపం మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. తాళం ఎందుకు పట్టట్లేదో తెలియడం లేదని మాతో ఫిర్యాదు చేసింది.

మర్నాడే మా వదిన దిగింది. వదినంటే ఆయన అక్క. ఆస్పత్రిలో నర్సులకి పెద్ద. తుంటి విరిగిన ముసలివాళ్ళని రోజూ చూసే మనిషి కాబట్టి ఆవిడ భయం ఉత్త భయం కాదు.

"ఇక లాభం లేదురా. తలుపుకి పైన గడియ వేసి తాళం పెట్టించు. మీరిద్దరూ వచ్చాకే అమ్మ బయటికి వెళ్ళాలి" అంది.

"అది ఇల్లవదక్కా, జైలవుతుంది" అన్నాడు ఈయన.

"రేపు బస్సు కింద పడితే నీ సిద్ధాంతం వచ్చి పట్టుకుంటుందా?"

మా అత్తగారు అక్కడే కూర్చుని పిల్లలిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడ గురించి ఆవిడ ఎదుటే మాట్లాడుకుంటున్నామని అప్పటికి మాలో ఎవరికీ తోచలేదు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. అమ్మ ఎక్కడుందో ఫోనులో మ్యాపు మీద చుక్కలా కనపడే ఏర్పాటు చెయ్యాలి. ఇంకొక్కసారి తప్పిపోతే మాత్రం తాళమే. బజారులో దొరికే యాప్‌ని మా ఆయన ముట్టుకుంటాడా? సెలవులన్నీ కూర్చుని తానే ఒకటి రాశాడు. ఆ వివరాలు ఏ కంపెనీకీ వెళ్ళవు, మా హాల్లో బీరువా మీదున్న పాత కంప్యూటరులోనే ఉంటాయి. అంతా అయ్యాక తల్లి ముందు కూర్చుని, "అమ్మా, నీకిష్టమైతేనే" అన్నాడు.

ఆవిడ ఆలోచించింది. "నేనెక్కడున్నానో నువ్వు చూస్తావు, బాగానే ఉంది. నువ్వెక్కడున్నావో నాకెవరు చూపిస్తారురా?"

ఈయన మొహం వెలిగిపోయింది. "చూశావుటే! ఇన్నేళ్ళలో ఒక్క కంపెనీలో ఒక్కడు అడగలేదు ఈ ప్రశ్న!" అని నా వైపు తిరిగి చెప్పాడు. మళ్ళీ కూర్చుని, ఆవిడ ఫోనులో తన చుక్క కూడా కనపడేలా మార్చాడు. ఆవిడది ఆకుపచ్చ, ఆయనది ఎరుపు. ఎప్పుడు చూసినా నిజమే చూపిస్తుందని ఆవిడకి మాటిచ్చాడు.

దాంతో మా అత్తగారికి కొత్త కాలక్షేపం దొరికింది. నాకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. నేనెవరి కళ్ళో పరీక్షిస్తుండగా ఫోను మోగేది. "వాడు బస్సెక్కాడే." "వాడు ఆఫీసు చేరాడే." సరే అత్తయ్యా, సరే అత్తయ్యా అంటూ నేను అద్దాలు మార్చేదాన్ని.

కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు, "అమ్మాయ్, వాడు ఆఫీసులో లేడు" అంది.

"పని మీద ఎటైనా వెళ్ళుంటారు అత్తయ్యా."

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. నా ఫోనులోనూ ఆ చుక్కలు కనిపిస్తాయి, చూస్తే సరిపోయేది. కానీ ఆవిడ ముందురోజు నన్ను 'డాక్టరుగారి భార్యవా?' అని అడిగింది. ఆ మనిషి మాట పట్టుకుని మొగుడి మీద నిఘా పెట్టడమేమిటని ఊరుకున్నాను. అయినా భోజనాల దగ్గర కదిపాను.

"మీరు ఆఫీసుకి వెళ్ళట్లేదంటున్నారు అత్తయ్య."

ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "ప్రోగ్రాంలో ఏదో తప్పుండి ఉంటుంది. చూస్తాలే."

"తప్పేం లేదురా. రోజూ ఒకే చోటుంటున్నావు" అంది మా అత్తగారు.

నేను ఆవిడకి పెరుగు వడ్డించి మాట మార్చేశాను. ఆ సంగతి వదినకి ఫోనులో చెప్పింది కూడా నేనే. వదిన నిట్టూర్చింది. "ఇలాగే మొదలవుతుంది. లేనివి ఉన్నాయంటారు, ఉన్నవాళ్ళని లేరంటారు. ఇంక ఆలస్యం చెయ్యకూడదు. ఆదివారం వడ్రంగిని తీసుకొస్తున్నాను" అంది. ఫోను స్పీకరులోనే ఉంది. మా ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. గేటు యంత్రం మీద అంత పోట్లాడినవాడు తల్లి గడియ మీద ఒక్క ముక్క అనలేదు. నాకది వింతగానే అనిపించింది. ఈయనా అలిసిపోయాడు కాబోలు అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణంలో ఎందుకో ఫోను తెరిచాను. ఆకుపచ్చ చుక్క పార్కు దాటింది, ఇస్త్రీ కొట్టు దాటింది, పెద్ద రోడ్డెక్కి బస్సు వేగంతో పోతోంది. ఆవిడకి ఫోను చేస్తే ఎత్తలేదు. ఈయనకి చేస్తే ఈయనా ఎత్తలేదు. వదినకి చెప్పాను. "ఇంకెందుకమ్మా, అయిపోయింది. నేనూ బయల్దేరుతున్నా. ఎక్కడుందో చెప్తూ ఉండు" అంది. కుర్చీలో కూర్చున్న ముసలాయన కళ్ళకి పరీక్ష అద్దాలు తగిలించే వదిలేసి, దుకాణాన్ని అక్కడ పనిచేసే పిల్లకి అప్పజెప్పి ట్యాక్సీ ఎక్కాను.

ఆకుపచ్చ చుక్క ఒకచోట ఆగింది, వెనక్కొచ్చింది, మళ్ళీ ముందుకెళ్ళింది. దాని తిప్పలు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడు గమనించాను, అది ఎటు పోతోందో. కొంచెం ముందర ఎర్రచుక్క కదలకుండా ఉంది. ఆయన ఆఫీసు ఊరికి ఆ చివర, ఇది ఈ చివర.

అది ఒక పాత గ్రంథాలయం. వెనక పెరట్లో సిమెంటు బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. పొద్దున నేను కట్టిచ్చిన భోజనం డబ్బా ఆవిడ ఒళ్ళో ఉంది. ఆవిడ తింటోంది. ఈయన తల వంచుకుని కూర్చున్నాడు.

నన్ను చూసి లేచాడు. "ఉద్యోగం పోయిందే" అన్నాడు.

ఆఫీసువాళ్ళు అందరి కంప్యూటర్లలోనూ ఒక ప్రోగ్రాం పెట్టమన్నారట. ఇంట్లో పనిచేస్తున్నా సరే, కూర్చున్న మనిషిని మాటిమాటికీ ఫొటో తీస్తుందట. ఈయన అలవాటు ప్రకారం వద్దన్నాడు. అయితే మీరూ వద్దు అన్నారు వాళ్ళు. "ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. లోపల కూర్చుని ఉద్యోగాలకి రాసుకుంటున్నాను. నీకెలా చెప్పాలో తెలియలేదు. ఎదుటికి రావద్దన్నావుగా" అన్నాడు.

ఏ ఘడియలో అన్నానో ఆ మాట. కానీ బాధ కంటే ముందు కోపం వచ్చేసింది.

"ఆ చుక్కని ఆఫీసులో ఉన్నట్టు చూపించడం మీకు చిటికెలో పని కాదూ? అలాగైనా చేసి చావలేకపోయారా?"

"అమ్మకి మాటిచ్చాను కదా. అబద్ధం చుక్క ఎలా పెడతాను?" అన్నాడు.

చూశారా ఈ మనిషిని! ప్రోగ్రాంలో అబద్ధం రాయలేడట, నోటితో మాత్రం చెప్పగలడట. "ఆవిడ నిజం చెప్తే మేమంతా మతి పోయిందన్నాం. మీరు పక్కనే కూర్చుని విన్నారు. ఎల్లుండి తాళం వేసేవాళ్ళం! మీ పరువు కోసం మీ అమ్మని పిచ్చిదాన్ని చేశారండీ!" అని అరిచాను. లోపల చదువుకుంటున్నవాళ్ళు కిటికీల్లోంచి చూశారు. చూడనీ అనుకున్నాను. ఆయన మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు.

ఇంతలో వదిన ఫోను. ఆయనే తీసుకుని స్పీకరు పెట్టాడు. "అక్కా, అమ్మ నా దగ్గరే ఉంది. తప్పిపోలేదు, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అమ్మ చెప్పిందంతా నిజం, నాకు ఉద్యోగం లేదు. తాళం వద్దు. అమ్మకేం కాలేదు, మతి శుభ్రంగా ఉంది" అన్నాడు.

"లేదురా" అంది మా అత్తగారు.

ఆవిడ డబ్బా మూత పెట్టి ఫోను వైపు వంగింది. "శుభ్రంగా లేదే అమ్మా. మొన్న పొయ్యి ఆర్పడం మర్చిపోయాను, కోడలికి చెప్పలేదు. ఇవాళ దిగాల్సిన చోటు దాటిపోయి మళ్ళీ వెనక్కొచ్చాను. వీడి చుక్క లేకపోతే రాలేకపోయేదాన్ని. ముందుముందు వీడెవడో కూడా తెలియదేమో. అప్పుడు వేసుకోండి తాళం, నేను అడ్డం చెప్పను. వీడు నా కొడుకని తెలిసినన్నాళ్ళు వెయ్యకండి."

అటునుంచి వదిన గొంతు సవరించుకుని, "వడ్రంగిని రావద్దని చెప్తానమ్మా" అంది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మా అత్తగారు లేచి చీర దులుపుకుంది. "పదండి ఇంటికి" అని మా ఇద్దరికంటే ముందు నడిచింది. గ్రంథాలయం గేటు దాటి ఎడమవైపు తిరిగింది. మా బస్సు ఆగేది కుడివైపు. నేను "అత్తయ్యా" అని పిలవబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కాసేపు నడవనియ్యవే. మనకిప్పుడు తొందరేముంది?"

తొందర నాకుంది. పరీక్ష అద్దాలు పెట్టుకుని ఒక ముసలాయన నా కోసం కూర్చుని ఉన్నాడు. అయినా ఏమీ అనకుండా, ఆయన చెయ్యి వదలకుండా, ఆవిడ వెనకే నడిచాను.