నోరు విప్పని డాక్టరు

మా పక్కవాటా దర్జీ పిల్ల నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. అవి తీసిందంటే మొగుడి మీద మొర మొదలెట్టిందన్నమాట. లిఫ్టులు బాగుచేసే మనిషి, దిగులుతో నెలల తరబడి పనికి పోక గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. మనసు డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. అందుకని గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసినట్టు డాక్టర్లను ముందు తనే చూసొస్తోంది. ఒకాయన ధైర్యంగా ఉండమన్నాడట. "ఆ ముక్క నేను చెప్పలేనా పిన్నీ?" ఇంకొకావిడ మాటమాటకీ ఫోను చూసుకుందట.

మొన్న మరో ఆయన్ని చూసి రుసరుసలాడుతూ వచ్చింది. ఏమైందోనని వెనకే నేనూ లోపలికెళ్లాను. "ఒక్క ప్రశ్న అడగడు పిన్నీ! నేను వాగితే విన్నాడు, ఆగితే ఊరుకున్నాడు. అదేం డాక్టరు?" మంచం మీద దుప్పటి కదిలింది. "నిజంగా ఏమీ అడగలేదా?" అన్నాడు మొగుడు. "అడిగితే ఒట్టు!" "అయితే ఆయన దగ్గరికి వస్తా." ఆ పిల్ల నడుం మీద చేతులేసుకుంది. "విన్నావా పిన్నీ? నేను వద్దనుకున్నవాడే కావాలట ఈయనకి!" అతను గడ్డం గీసుకుంటానని లేచాడు. "గడ్డం ఎక్కడికీ పోదు, ముందు పదండి" అని కసిరి, మనసు మారేలోపే చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. తలుపు తాళం నేనే వేశాను.