చల్లగాలిలో తప్పిన లెక్క

నా ఉద్యోగపు చివరి ఏడాది, మే నెలలో, నన్ను ఖమ్మం నుంచి భద్రాచలానికి డిప్యుటేషన్ మీద పంపారు. హోదా రీసెర్చ్ ఆఫీసర్. వర్షాలు మొదలయ్యేలోగా గోదావరి వరద అంచనాలను తనిఖీ చేసి సంతకం పెట్టడం నా పని. లెక్కలు వేసేది ఇంజినీర్లు. భౌతికశాస్త్రం చదివినదాన్ని కాబట్టి, ఆ లెక్కను నమ్మవచ్చో లేదో తేల్చే బాధ్యత నాది. నా సంతకం లేని అంచనా ఎస్ఈ, అంటే సూపరింటెండింగ్ ఇంజినీర్, బల్ల మీదికి వెళ్లదు. అందువల్ల ఆఫీసులో నన్ను చూసి సంతోషించేవాళ్లు తక్కువ.

ఆ ఏడాది వచ్చిన పనుల్లో ఒకటి అడవి అంచున ఉన్న ఒక గూడెం గురించి. గూడేనికీ తారు రోడ్డుకూ మధ్య వాగు ఉంది. దాని మీద ఉన్నది చప్టా, అంటే వరద పైనుంచి పారేలా కట్టిన తక్కువ ఎత్తు వంతెన. గోదావరి పోటెత్తినప్పుడు వాగు నీరు నదిలో కలవలేక వెనక్కి తన్నుతుంది. చప్టా మునిగితే గూడేనికి వేరే దారి లేదు. అంతకుముందు వానాకాలాల్లో అక్కడ ఒక మోటారు పడవను ఉంచేవారు. ఆ ఏడాది పడవలు చాలక, తప్పనిసరి అయిన చోటే ఉంచాలని నిర్ణయించారు. ప్రమాద స్థాయి వరదలో కూడా చప్టా పైకి నీరు రాదని మా లెక్క చెబితే, పడవ మరో ఊరికి పోతుంది.

వాగు మట్టాలు కొలవడానికి వెళ్లిన రోజు గూడెం పెద్ద జోగయ్య మా పరికరాలను కాసేపు చూసి, విసుగు దాచుకోకుండా అడిగాడు. "మీరు కొలుచుకుంటరో, ఫొటోలు తీస్కుంటరో మీ ఇష్టం మేడం. పడవ ఉంచుతరా, తీస్తరా? గది ఒక్కటి చెప్పుండ్రి."

లెక్క వేస్తున్నది షాహీన్. ఉద్యోగంలో కొత్తగా చేరిన ఏఈఈ, అంటే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్. ఖమ్మంలో కూలర్లు తయారుచేసి అమ్మే కుటుంబం ఆమెది. ఆఫీసు కంప్యూటర్ పాతదై ఒక్కో లెక్కకు రోజులు తీసుకుంటుంటే, నేరుగా తన పైనున్న అధికారి అనుమతితో కిరాయి ఇంట్లోని సొంత కంప్యూటర్ మీద ఆ పని చేసేది. విడిభాగాలు కొని తానే బిగించుకున్న యంత్రం అది. నదినీ, వాగునూ, ఒడ్డు నేలనూ చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ప్రతి గడిలో నీరు ఎంత లేస్తుందో లెక్కగట్టడం మా పద్ధతి. మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడిపితే దాన్ని 'రన్' అంటాం.

ఆమె మొదటి రన్ ప్రకారం చప్టా పొడిగా ఉంటుంది. ఈ మాట నోటిమాటగా ఎస్ఈ గారిదాకా అప్పటికే వెళ్లింది. పడవను ఏ ఊరికి మార్చాలన్న చర్చ కూడా మొదలైంది. నా అలవాటు ప్రకారం, ఏ అంకె మార్చకుండా అదే రన్ మళ్లీ నడపమన్నాను. చాలామంది దీన్ని అవమానంగా తీసుకుంటారు. షాహీన్ మారుమాట లేకుండా నడిపింది. ఈసారి చప్టా మీద మోకాలి లోతు నీరు కనిపించింది.

ఇలాంటి రన్‌లలో చివరి అంకెలు కొద్దిగా తేడా రావచ్చు. దాన్ని తప్పు అనరు. మోకాలి లోతు మాత్రం చివరి అంకె కాదు. అప్పుడప్పుడు కంప్యూటర్ దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతోందని కూడా ఆమే చెప్పింది. అడిగితే గాని చెప్పని సంగతులను అడగకముందే చెప్పే ఇంజినీర్లను నా సర్వీసులో కొద్దిమందినే చూశాను.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. యంత్రాన్ని ఆమె 'ఓవర్‌క్లాక్' చేసింది, అంటే ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగం దాటి నడుపుతోంది. ఎక్కువ వేడెక్కకుండా దానికి అందే వోల్టేజీని కొంత తగ్గించింది కూడా. ఈ రెండూ కలిపి చేస్తే యంత్రం నిలుస్తుందా అని అడిగాను. ప్రాసెసర్‌లోని కోర్లన్నిటినీ, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలన్నిటినీ, ఒకేసారి పూర్తి బరువుతో పనిచేయించే పరీక్ష ఉందనీ, అది ఎన్నిసార్లు నడిపినా యంత్రం ఆగలేదనీ చెప్పింది. నమ్మలేదు. నా ముందు మళ్లీ నడిపించాను. ఆగలేదు.

అప్పటికే ఆమె తండ్రి మస్తాన్ గారు ఖమ్మం నుంచి ట్రాలీ ఆటోలో ఒక పెద్ద కూలర్‌ను తెచ్చి కంప్యూటర్ ముందు పెట్టించారు. ఆయన నిర్ధారణ సూటిగా ఉంది. "ఎండలు గిట్ల మండుతుంటే మనిషే ఆగుతలేడు, మిషన్ ఏం ఆగుతది మేడం? మా కూలర్ ముంగట రెండు దినాలు పెట్టుండ్రి, మీ గోదారి లెక్క కూడా చల్లబడతది."

వేడే కారణమని ఆ వీధిలో అందరూ అన్నారు. ఆఫీసులోనూ అదే మాట. నాకూ అదే నిజమనిపించింది కాబట్టే ముందుగా దాన్నే పరీక్షించమన్నాను. తడి గాలి నేరుగా విడిభాగాలకు తగలకుండా కూలర్‌ను కాస్త దూరం జరిపి రన్‌లు నడిపాం. ఉష్ణోగ్రత బాగా తగ్గింది. తప్పులు, అంటే ఒక రన్‌కూ మరో రన్‌కూ జవాబు మారిపోవడం, తగ్గలేదు. పైగా పెరిగాయి. ఇంటి కరెంటు హెచ్చుతగ్గుల వల్లేమోనని ఆఫీసు నుంచి యూపీఎస్ తెప్పించి పెడితే ఏ మార్పూ రాలేదు. మెమరీ చిప్పులను వేరే జతతో మార్చి చూసినా అంతే.

ఇక్కడ షాహీన్ చేసిన పని నాకు ఇప్పటికీ పాఠంలా చెప్పాలనిపిస్తుంది. రన్‌లో రెండు దశలుంటాయి. గడులన్నిటిలో నీటి కదలికను లెక్కించే మొదటి దశ బరువైనది, కోర్లన్నీ కలిసి పనిచేస్తాయి. ఆ ఫలితాలను కూర్చి చప్టా దగ్గర మట్టం ఎంతో తీసే రెండో దశ తేలికది, ఒక్క కోర్ చాలు. ఒకే రకం జవాబిచ్చిన రన్‌లనూ, తేడా వచ్చిన రన్‌లనూ తీసుకుని ఆమె మొదటి దశ ఫలితాలను పక్కపక్కన పెట్టింది. అవి సరిపోయాయి. తేడా రెండో దశలోనే పుడుతోంది.

అంటే యంత్రం బరువు మోసి, తేలిక పని దగ్గర తడబడుతోంది. ఇది నా అనుభవానికి విరుద్ధం. అలా ఎందుకు జరుగుతుందని నిలదీశాను.

ఆమె చెప్పిన వివరణ ఇది. ఈ కాలపు ప్రాసెసర్ తన వేగాన్ని తానే ఎంచుకుంటుంది. కోర్లన్నీ పనిచేస్తుంటే అన్నిటికీ సరిపడేలా వేగం తగ్గించుకుంటుంది. ఒక్క కోరే పనిచేస్తూ, అది చల్లగా ఉంటే, దాన్ని అత్యధిక వేగానికి తీసుకుపోతుంది. ఆ వేగంలో ఆమె తగ్గించిన వోల్టేజీ చాలడం లేదు. పరీక్షలో ఆ వేగం ఎప్పుడూ రాలేదు కాబట్టి యంత్రం నెగ్గింది. కూలర్ గాలి తగిలేకొద్దీ ఆ వేగం ఇంకా పెరిగి తప్పులు ఎక్కువయ్యాయి.

వివరణ బాగుంది. బాగున్న వివరణలను నేను ఎక్కువగా అనుమానిస్తాను. ఆ మాటే అన్నాను.

"అవ్ మేడం, నాకు కూడా అనుమానమే," అంది. "ముందే చెప్త, రాసిపెట్టుకోండి. కూలర్ బంద్ చేసి రెండో దశ ఒక్కటే నడిపితే తప్పులు తగ్గాలె. ఒక్కో కోర్‌కు విడిగా ఆ పని ఇస్తే అన్నీ తప్పవద్దు, ఒకటో రెండో తప్పాలె. గట్ల కాకుంటే నా మాట చెల్లదు, వేరే కారణం ఎతుకుదాం."

తన మాట ఎప్పుడు చెల్లదో ముందుగా చెప్పి పరీక్షకు దిగడం విజ్ఞానశాస్త్రంలో విద్యార్థులకు చెప్పే మొదటి నియమం. పాటించేవాళ్లు అరుదు. పరీక్ష జరిగింది. కూలర్ ఆపితే తప్పులు తగ్గాయి, పెడితే పెరిగాయి. కోర్లలో తప్పినది ఒక్కటే. మిగతావాటికన్నా వేగంగా పరుగెత్తగలదని ఆ ప్రాసెసరే ముందు వరుసలో పెట్టుకున్న కోర్ అది.

మస్తాన్ గారు నొచ్చుకున్నారు. "అయితే ఏంది బేటా, తప్పంతా నా కూలర్‌దేనా?"

"గాలి బాగ రావడమే తప్పయింది అబ్బాజాన్. ఇంత మంచిగ ఎవరు చేయమన్నరు?" అంది షాహీన్. ఆయన నవ్వారు గానీ, కూలర్‌ను మాత్రం వెనక్కి తీసుకుపోలేదు.

ఆ ఒక్క కోర్‌కు వోల్టేజీ పెంచితే వేగం నిలుపుకోవచ్చు. నేను అభ్యంతరం చెప్పేదాన్ని కాదు. ఆమె మాత్రం ఓవర్‌క్లాక్ మొత్తం తీసేసి, ప్రాసెసర్‌ను తయారీదారు అమరికకు మార్చింది. కొత్త జవాబు ఇంకా రాకముందే ఎస్ఈ గారికి ఫోన్ చేసి, తన మొదటి ఫలితం తప్పు కావచ్చనీ, పడవ మార్పు ఆపమనీ కోరింది. నేను పక్కనే ఉన్నాను. ఇంట్లో ఆటలాడుకునే కంప్యూటర్ మీద సర్కారు లెక్కలా అని ఆయన మందలించడం వినిపించింది. "అవ్ సార్, తప్పు నా మిషన్‌దే. సరైన లెక్క వచ్చేదాకా పడవ ఆడనే ఉండనీయండి," అంది. మరో జవాబు చేతిలో లేకుండా, తన జవాబును తానే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుసు. నాకు తెలిసిన పెద్ద ఇంజినీర్లలో ఆ పని చేసినవారు లేరు.

వేగం తగ్గించిన యంత్రం మీద రన్ మళ్లీ మళ్లీ నడిపాం. ఆఫీసు కంప్యూటర్ మీద కూడా ఒకసారి ఓపికగా నడిపాం. అన్నిటిలో జవాబు ఒకటే: చప్టా మునుగుతుంది. సంతకం పెట్టాను. పడవ గూడెంలోనే ఉంది.

ఆ వానాకాలం నీరు చప్టా పైకి వచ్చింది. గూడెం జనం పడవలోనే ఇవతలికి చేరారు. లెక్క రుజువైందని ఆఫీసులో అభినందించారు. ఎగువన కురిసిన వాన మేము అనుకున్నదానితో సరిపోలలేదు, ఒక్క వరద ఏ నమూనాకూ రుజువు కాదు అని నేను అన్నాను. షాహీన్ కూడా అదే అంది, నాకంటే ముందు.

ఒక యంత్రం ఏ పరీక్షలో నెగ్గిందో ఆ పని వరకే దాన్ని నమ్మాలి. మనం దాని చేత చేయించబోయేది వేరే పని అయితే, ఆ పరీక్ష ఎంత కఠినమైనదైనా లెక్కలోకి రాదు. ఈ ఉదంతం తర్వాత పదవీ విరమణ దాకా, పరీక్షించామని ఎవరు చెప్పినా, ఏ పని చేయిస్తూ పరీక్షించారని అడిగిన తర్వాతే సంతకం పెట్టాను.