నెర్రెల్లో దిగిన డీజిలు

నాకు మట్టి తెలుసనుకునేవాణ్ణి. నంద్యాలలో మట్టి పరీక్షల ఆఫీసులో ఉద్యోగం. చేరి మూడేళ్లు కాలేదు గానీ, రైతు మూటగట్టుకొచ్చిన మట్టిని వేళ్ల మధ్య నలిపి, నాడి పట్టిన వైద్యుడిలా తల పంకించేవాణ్ణి. ఆ పొగరు దించింది ఆళ్లగడ్డలో ఒక అవ్వ.

డెబ్బయ్యవ దశకం చివరి రోజులవి. ఆళ్లగడ్డలో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఒకటి ఉండేది. ఇంజనుకు పోసే డీజిలు కోసం ఆవరణలో ఇనప ట్యాంకు పాతిపెట్టారు. అది తుప్పుపట్టి ఎన్నాళ్లుగా కారిందో ఎవరికీ తెలియదు. గోడకు అవతల ఆ అవ్వ ఇల్లు. పరుపులు కుట్టి బతికేది. ఇంటి ముందు ఆమె మొగుడు సొంతంగా తవ్విన బావి. ఆ వీధిలో అన్నీ ఉప్పునీళ్లే, అవ్వ బావి ఒక్కటే తీపి. తెల్లారితే వీధంతా బిందెలతో ఆమె వాకిట్లోనే ఉండేది. అలాంటి బావి డీజిలు కంపు కొట్టింది, బిందెలు రావడం మానేశాయి.

గొడవ తాలూకాఫీసు దాకా పోయింది. చెడిన మట్టిని తవ్వి ఊరి బయట పోయాలనీ, అడుగున మంచి మట్టి తగిలిందని మా ఆఫీసు రాసిచ్చాకే గుంత పూడ్చాలనీ మిల్లుకు చెప్పారు. మా ఆఫీసు నన్ను పంపింది.

ఆవరణలో పరిచిన బేతంచెర్ల నాపబండలు లేపి, ట్యాంకు పెకలించి, కూలీలు తవ్వుతూ పోయారు. మూడడుగులకోసారి నేనొక పెళ్ల తీసి, గాజు గ్లాసులో నీళ్లలో కలిపి చూసేవాణ్ణి. డీజిలుంటే రంగుల పొర తేలుతుంది. పన్నెండడుగుల దగ్గర పొర తేలలేదు.

"సార్, నా ముక్కుకు ఇంగా వాసన కొడ్తాంది" అన్నాడు తవ్వే మేస్త్రి.

"నీ చొక్కా నిండా డీజిలే, కొట్టక ఏం జేస్తాది?" అన్నాను. కూలీలు నవ్వారు. నాకు ఎంత సంబరమో! అక్కడే కాగితం మీద సంతకం గీకేశాను.

గేటు దగ్గర అవ్వ నిలబడి ఉంది, చేతిలో బావినీళ్ల గ్లాసుతో. బావి అప్పటికే ఒకసారి తోడించారు.

"బాగైపోయిందంటాండారు. ఒక గుక్క తాగి చెప్పప్పా."

"నా పరీక్ష మట్టికవ్వా, నీళ్లకు గాదు. కాయితం రాసిచ్చినా గదా" అని బస్సుకు పరుగెత్తాను.

మొదటి వాన పడిన వారానికి అవ్వ బస్సెక్కి నంద్యాల వచ్చింది. నా బల్ల మీద సీసా పెట్టి బిరడా తీసింది. గదంతా డీజిలు గుప్పుమంది.

"మిల్లోళ్లను అడిగితే నీ కాయితం సూపిస్తాండారు. మట్టి మంచిదని సారే రాసిచ్చినాడు, ఇంగ మేం తవ్వం అంటాండారు. నా బాయిని డీజిలు సగం సంపితే, మిగతా సగం నీ సంతకం సంపిందప్పా."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మర్నాడే ఆళ్లగడ్డ వెళ్లి, పాత గుంత పక్కన మళ్లీ తవ్వించాను. మేస్త్రి ఒక పెద్ద పెళ్లను నెర్రె వెంబడి విడదీసి చూపించాడు. నెర్రె రెండు పక్కలా నూనె తళతళలాడుతోంది. పెళ్లను పగలగొడితే లోపల శుభ్రం. నల్లరేగడి ఎండాకాలం నిలువునా పగులుతుంది కదా, డీజిలు ఆ నెర్రెల వెంటే దిగింది, వాన పడగానే నీళ్లతో పాటు బావికి చేరింది. మరి నేనేం చేశాను? పొలం మట్టికి నేర్పిన అలవాటు కొద్దీ, ప్రతి పెళ్లకూ కత్తితో పైపొర చెక్కి పారేసి, లోపలి మట్టిని మాత్రమే గ్లాసులో వేశాను. డీజిలును నా చేత్తోనే చెక్కి పారేసి, డీజిలు లేదని రాసిచ్చాను!

"నా పరీక్ష తప్పు" అని రాసి మా ఆఫీసరు ముందు పెట్టాను.

"ఇట్ల రాస్తే రేపు మన కాయితం ఏ రైతు నమ్ముతాడయ్యా?" అన్నాడాయన. ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది, అబద్ధమెందుకు. అయినా కాగితం వెనక్కి తీసుకోలేదు. చివరికి ఆయనే విసుక్కుంటూ ముద్ర వేశాడు.

మిల్లువాళ్లు తిట్టుకుంటూనే గోడ దాకా, నెర్రెలు ఆగిపోయేంత లోతుకు తవ్వారు. ఈసారి పైపొరలే గ్లాసులో వేశాను. పొర తేలకపోయినా, వాసన చూడమని మేస్త్రికి ఇచ్చాను. బావిని రోజుల తరబడి తోడించారు. రెండు పెద్ద వానలు పోయేదాకా కాగితం రాయనని చెప్పాను.

రెండో వాన వెలిశాక వెళ్లాను. అవ్వ చేద వేసి, గ్లాసు నింపి ఇచ్చింది. భయపడుతూనే గటగటా తాగేశాను. ఆమె గ్లాసు వైపు చూడలేదు, నా మొహంలోకే చూస్తోంది.

"తియ్యగుండాయవ్వా" అన్నాను.

"అట్లయితే ఇంగ పెట్టుకో నీ సంతకం" అని, వీధి వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"బిందెలెత్తుకొని రాండమ్మా!"