ఎదురు గోడ, పక్క గోడ

ఆ రోజుల్లో, అంటే స్కేలూ పెన్సిలూ తప్ప నా చేతికి మరేదీ సరిగ్గా తెలియని రోజుల్లో, కాగితం మీద కొలత సరిగ్గా వేస్తే లోకంలో ఏదీ తప్పిపోదని నాకు గట్టి నమ్మకం ఉండేది. రియాద్‌లోని మలాజ్ పేటలో, ఇళ్ల నమూనాలు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఏ పూట ఏ పెన్సిల్ చెక్కానో కూడా డైరీలో రాసుకునేవాణ్ణి. (ఆ డైరీలన్నీ ఇప్పటికీ ఉన్నాయి. చదివే ఓపిక నాకే లేదు.) అలాంటి నాకు మా వీధిలో ఉండే నర్సమ్మగారు తన అక్క కూతుర్ని పెళ్లికి చూపించారు. ఆ అమ్మాయి దక్షిణాన దూరంగా నజ్రాన్ అనే ఊళ్లో నర్సు, పిన్నిని చూడ్డానికి వచ్చింది. ఆమె నాతో మాట్లాడింది మొత్తం పది నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు ఒక ఇంటి గురించే. వాళ్ల హాస్పిటల్ బస్సు మలుపు తిరిగే చోట పాత మట్టి మేడ ఉందట, పై అంచుకు తెల్లటి సున్నం, పక్కన ఒంటరి ఖర్జూరపు చెట్టు. డ్యూటీ దిగి వస్తూ దాన్ని చూస్తే ప్రాణం కుదుటపడుతుందంది. ఆమె వెళ్లాక నర్సమ్మగారు నాతో మొహమాటం లేకుండా చెప్పారు. "ఇప్పటికి ముగ్గుర్ని కాదంది బాబూ. వాళ్ల నాన్న ఏలూరులో బ్యాంకు కుర్రాణ్ణి చూసి ఉంచాడు. రెండు నెలల్లో సెలవు మీద ఊరెళ్తూ ఇక్కడ ఒక్క రోజు ఆగుద్ది. ఆ రోజు తేలకపోతే ఇంక నన్నడగొద్దు."

మధ్యలో ఆఫీసు పని మీద నజ్రాన్ వెళ్లాల్సి వచ్చింది. ఆ మేడను వెతికి పట్టుకుని, ఇంటాయన అనుమతి తీసుకుని, టేపుతో నాలుగు వైపులా కొలిచాను. (ఆ పెద్దాయన కహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు ఇచ్చి, ఇల్లు కూలగొట్టడానికి వచ్చావా అని రెండుసార్లు అడిగాడు.) తిరిగొచ్చి, ఆమెకు కానుకగా ఇద్దామని ఆ మేడను చెవికి వేలాడే బుల్లి పెట్టెలా ఊహించి, దాని కింద ఖర్జూరపు మట్టలు ఊగేలా కమ్మల నమూనా గీశాను. ఏ వస్తువునైనా ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి గీయడం మా వృత్తి ధర్మం కాబట్టి ఒకే కాగితం మీద మూడు బొమ్మలు గీశాను. అలవాటు కొద్దీ పైనుంచి గీసిన దాంట్లో ఉత్తర దిక్కు చూపించే బాణం కూడా వేశాను. బంగారు కొట్ల వెనక గదిలో పనిచేసే హైదరాబాదీ కంసాలి ఒకాయన ఉండేవాడు. అందరికీ ఆయన చాచా. కాగితం చేతికిచ్చి, "జత కావాలి చాచా" అని వచ్చేశాను.

ఆమె ఆగే రోజు పొద్దున్నే వెళ్తే చాచా గుడ్డ విప్పి చూపించాడు. ఒక కమ్మ వెడల్పుగా ఉంది, తలుపూ కిటికీలతో. రెండోది సన్నగా, కిటికీ లేని గోడ, వాననీళ్ల గొట్టంతో. రెండూ రేకులా పలచగా. పక్కన ఒక లాకెట్: చదును కప్పు, పైనుంచి చూసిన ఖర్జూరపు చెట్టు నక్షత్రంలా, దాని పక్కన నా ఉత్తరపు బాణం.

"ఇదేంటి చాచా?"

"కాయిదం మీద మూడు బొమ్మలుండె సాబ్. మూడు జేసిన. తక్కువ జేసిన్నా?"

"ఇల్లు ఒకటే కదా. ఎదురు నుంచి చూస్తే ఇలా, పక్క నుంచి చూస్తే ఇలా."

"ఇల్లొకటే అయితే బొమ్మొకటి గియ్యాలె గద. మూడెందుకు గీసిన్రు?"

"జత అన్నాను కదా."

"జతనే సాబ్. ఆమె చెవులు గూడ ఒకటి ఇటుంటది, ఒకటి అటుంటది. ఏం ఫికర్ జేయకుండ్రి."

మళ్లీ చేయడానికి వారం కావాలన్నాడు. ఆమె విమానం ఆ సాయంత్రమే. వేరే దారి లేక ఆ పొట్లమే పట్టుకుని నర్సమ్మగారింటికి వెళ్లాను. దారి పొడుగునా ఒక సంజాయిషీని వరుస నంబర్లతో సహా సిద్ధం చేసుకున్నాను. ముందు పొట్లం విప్పింది నర్సమ్మగారే. "ఇదేం జతయ్యా, ఒకటి లావు, ఒకటి బక్క," అన్నారు. ఆమె రెండూ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏలూరు బ్యాంకు గుమాస్తా నా కళ్లముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని, "అసలు జరిగిందేమిటంటే," అన్నాను.

"ఉండండి," అంది ఆమె. "బస్సు ఎదురుగా వచ్చేటప్పుడు ఇది కనబడుతుంది. మలుపు తిరిగాక ఇది. ఈ గొట్టం కూడా చూశారా మీరు?"

"కొలిచాను," అన్నాను.

"మరి ఈ బాణమేంటండీ?"

"ఉత్తరం."

"మెడలో వేసుకుంటే నాతోపాటే తిరుగుద్ది కదా."

నేను లాకెట్ తీసుకుని, బాణాన్ని ఉత్తరం వైపు తిప్పి పట్టుకున్నాను. ఆమె మొదటిసారి గట్టిగా నవ్వి, అద్దం కూడా చూసుకోకుండా కమ్మలు రెండూ పెట్టుకుని, "పిన్నీ, ఏలూరు వాళ్లకి వద్దని నాన్నతో చెప్పేయనా?" అంది. నేను సెలవు తీసుకుని బయటికొచ్చి మొదటి మెట్టు మీదే కూలబడ్డాను. అక్కణ్ణుంచి లేచేసరికి పన్నెండు నిమిషాలైంది. (డైరీలో ఉంది.)

ఇన్నేళ్లూ మా ఆవిడ ఆ రెండు రూపాల ఆలోచన నాదేననుకుంది. నేనూ కాదనలేదు. రిటైరై ఊరికి వచ్చాక ఇది రాసి, ముందు ఆమెకే ఇచ్చాను. చివరిదాకా చదివి కళ్లజోడు తీసింది.

"అయితే ఆ రోజు మీరు చెప్పబోయింది ఇదన్నమాట."

"అవును. విని ఉంటే ఏం చేసేదానివి?"

ఆమె కాగితాలు సరిచేసి నా ఒళ్లో పెట్టి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది. నేనలా కూర్చుని, గొంతు సవరించుకుంటూ ఉండిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకున్నాను. పాపం, ప్రతి పనీ వేళకు చేసేవాడు. ఆ ఒక్కసారి నిజం చెప్పడంలో కాస్త ఆలస్యమయ్యాడు, బతికిపోయాడు.