తాళం పడిన చప్పుడు

పదమూడేళ్ళుగా నా గొంతులో ఒక ముల్లు ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మ పోయే ముందు మంచం పక్కన కూర్చుని కూడా చెప్పలేకపోయాను. సింహాచలం కొండెక్కి, దేవుడి ఎదురుగా నిలబడి, అసలు మాట వదిలేసి ఇంకేవో కోరికలు కోరుకుని దిగి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే ఈ కాగితం మీద మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

నేను ఒక మనిషిని జైలుకి పంపాను. అతను దొంగా కాదు, రౌడీ కాదు. అప్పు తీర్చలేకపోయినవాడు, అంతే. అతన్ని పంపడానికి నేను చేసిందల్లా ఒక రోజు ఒక తాళం వెయ్యకపోవడం.

నవ్వొస్తోందా? వినండి.

అప్పట్లో మేము జాలరిపేట వెనక వరస ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళం. పెంకుల కప్పు. ఇంటికీ ఇంటికీ మధ్యగోడ పెంకులదాకా ఉండదు, మనిషెత్తుకి కాస్త పైన ఆగిపోతుంది. పక్కింట్లో గరిటె కింద పడితే మనింట్లో పడ్డట్టే ఉంటుంది. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం. ఒకటో తారీకున జీతం. ఎవరికీ పైసా బాకీ లేం. నీకేమమ్మా, అదృష్టవంతురాలివి అనేవాళ్ళు వీధిలో. నేనూ అవునని తలూపేదాన్ని.

మా పక్క వాటాలో సన్యాసిరావు, అతని భార్య నూకరత్నం ఉండేవాళ్ళు. పద్మనాభం అనే ఊరి వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెళ్ళయి రెండేళ్ళు. సన్యాసిరావు పొలం పని వద్దనుకుని పట్నం వచ్చి, ఒక షావుకారుకి ప్రోనోటు రాసి, ఫిషింగ్ హార్బర్‌లో ఒక పాత మరబోటులో వాటా కొన్నాడు. మూడు నెలలకే ఇంజను పోయింది. బోటు ఒడ్డున పడింది, అప్పు నెత్తిన పడింది. షావుకారు కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకున్నాడు. ఆ మీదట సన్యాసిరావుని పట్టుకుని సివిల్ జైల్లో పెట్టమని వారంటు తెచ్చాడు. ఆ కాగితం పట్టుకుని, వారంటు అమలు చేసే కోర్టు అమీనా మా వీధికి రావడం మొదలుపెట్టాడు.

అమీనాకి ఒక కట్టుబాటు ఉంది. పొద్దు పొడవకముందు, పొద్దు గుంకాక ఎవరింట్లోనూ అడుగుపెట్టకూడదు. బయట తాళం కనబడితే, ఇంటికి తాళం వేసి ఉంది, మనిషి లేడు అని రాసుకుని వెళ్ళిపోతాడు. తలుపు పగలగొట్టాలంటే షావుకారు మళ్ళీ కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. ఈ సంగతి ఎవరో వకీలు గుమాస్తా సన్యాసిరావు చెవిన వేశాడు. ఇంకేముంది! పొద్దు గుంకాక ఐస్ ఫ్యాక్టరీకి పనికి పోయేవాడు, తెల్లారకముందే ఇంటికి వచ్చేవాడు. నేను వెళ్ళి బయటనుంచి తాళం వేసేదాన్ని. చీకటి పడ్డాక తీసేదాన్ని. నూకరత్నం వీధిలో కనబడినా ఇంట్లో మనుషులున్నట్టే కాబట్టి ఆమె కూడా పగలంతా లోపలే. తాళంచెవి నా కొంగుకి ఉండేది.

అలా రెండు నెలలు. బోటులో వాటా కొంటానని ఒకతను ముందుకొచ్చాడు, మే నెలాఖరుకి డబ్బిస్తానన్నాడు. మే మొదట్లో కోర్టుకి వేసవి సెలవులు. సెలవులిచ్చేదాకా దొరక్కుండా ఉంటే చాలు, ఆ డబ్బు షావుకారు మొహాన కొట్టి బయటపడొచ్చు. వాళ్ళ ఆశంతా ఆ తాళం మీదే. అంటే నా మీదే.

మొదట్లో గర్వపడ్డాను కూడా. ఇంత వీధిలో నన్ను నమ్మారు కదా అని. తర్వాత గోడ అవతలి చప్పుళ్ళు చెవిన పడటం మొదలైంది.

ఎండాకాలం, కిటికీలు మూసిన ఇల్లు. పొయ్యి వెలిగిస్తే పెంకుల్లోంచి పొగ కనబడుతుందని చీకటితోనే వండుకుని, మధ్యాహ్నం ఆ చల్లారిన అన్నమే తినేవాళ్ళు. ఎవరైనా ఏడవాలి కదా? వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. బయటకి వినబడకుండా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మరీ నవ్వుకునేవాళ్ళు. చింతపిక్కలతో వామనగుంటలు ఆడేవాళ్ళు. నూకరత్నం దొంగాట ఆడుతోందని అతను గుసగుసగా తగువు పెట్టుకునేవాడు. విసనకర్ర చప్పుడు వినబడేది. ఎవరు విసురుతున్నారో నాకు తెలిసిపోయేది. గాజుల చప్పుడు లేకపోతే అతను. చాలా రోజులు గాజుల చప్పుడు ఉండేది కాదు.

నేను గోడకి చెవి ఆనించి ఇదంతా వినేదాన్ని. సిగ్గేస్తోంది, అయినా చెబుతున్నాను. పొయ్యి మీద కూర మాడుతున్నా కదిలేదాన్ని కాదు.

మా ఆయన చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. సాయంత్రం వచ్చి చెప్పులు విడిచి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. అన్నం పెట్టు. ఉప్పెక్కువైంది. దీపం తీసెయ్. రోజుకి ఇవే మాటలు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నాకు విసనకర్ర ఊపాలని ఆయనకి తోచనే లేదు. నేను అడగనూ లేదు. అడిగితే విసిరేవాడేమో? ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయేది. పీకలదాకా అప్పులో ఉన్నవాళ్ళకి ఈ సరసాలేమిటి? అమీనాకి భయపడి ఇంట్లో దాక్కున్నవాళ్ళకి అంత నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది? బాకీ లేని ఇల్లు నాది కదా, నవ్వాల్సింది నేను కదా!

ఒక మధ్యాహ్నం సన్యాసిరావు అన్న మాట స్పష్టంగా వినబడింది.

"ఈ అప్పు సల్లగుండాల. నేకపోతే పట్టపగలు నీకాడ నానెప్పుడు కూకుందునే?"

నూకరత్నం నవ్విందో ఏడ్చిందో, మెత్తని చప్పుడేదో వచ్చింది. నేను గోడ దగ్గరనుంచి లేచాను. నాలో అంత కుళ్ళు ఉందని ఆ రోజుదాకా నాకే తెలియదు.

మర్నాటికి కోర్టు సెలవులకి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ వారం అమీనా తప్పకుండా వస్తాడని వీధిలో అందరికీ తెలుసు. నేనతన్ని పిలవలేదు. కబురూ పెట్టలేదు. ఈ రెండు మాటలే ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఏం లాభం? వస్తాడని తెలుసు కదా.

ఆ మర్నాడు చీకటితోనే వెళ్ళాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. నేను తాళం వేస్తాననే ధైర్యంతో వాళ్ళు లోపల గడియ పెట్టుకునేవాళ్ళు కాదు. గొళ్ళెం కాస్త ఆడించాను. తగిలించలేదు. తాళంకప్ప కొంగులో చుట్టుకుని మా ఇంటికి వచ్చేశాను.

తొమ్మిది గంటల వేళ అమీనా వచ్చాడు. గొడుగు మడిచి, అలవాటుగా తలుపుకేసి చూశాడు. తాళం లేదు. నేను మా అరుగు మీద బియ్యం ఏరుతున్నాను.

"ఏటమ్మా, ఉన్నారా?" అన్నాడు.

ఊళ్ళో లేరు అంటే సరిపోయేది. రెండు నెలలుగా ఆ అబద్ధం ఎన్నిసార్లు ఆడానో. ఆ రోజు నోరు పెగల్లేదు. కాదు, మళ్ళీ దొంగమాట రాస్తున్నాను. పెగల్చుకోలేదు. చేటలో బియ్యం చూస్తూ కూర్చున్నాను. అతను తలుపు తోశాడు.

సన్యాసిరావు నిద్రలో ఉన్నాడు. చొక్కా తొడుక్కోనిచ్చాడు అమీనా. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తుండగా అమీనా వెనక తల వంచుకుని నడిచాడు. మా అరుగు దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"రత్నాన్ని సూత్తుండక్కా," అన్నాడు.

ఆరు వారాలు జైల్లో ఉన్నాడు. జైల్లో పెట్టించినవాడే తిండి ఖర్చు కట్టాలట, పంతం కోసం షావుకారు అదీ కట్టాడు. ఐస్ ఫ్యాక్టరీలో పని ఇంకొకరికి ఇచ్చేశారు. బోటు వాటా కొంటానన్నవాడు మనిషి జైల్లో ఉన్నాడని తెలిసి సగం ధరకి దిగాడు. గతిలేక ఇచ్చేశారు. అప్పు సగం తీరింది, సగం నెత్తిమీదే ఉండిపోయింది.

అతను తిరిగొచ్చిన రోజు నేను మళ్ళీ గోడకి చెవి ఆనించాను. సిగ్గులేని మొహం నాది! ఏమీ వినబడలేదు. మర్నాడూ లేదు. వారం రోజులు విన్నాను. పళ్ళెం పెట్టిన చప్పుడు, నీళ్ళు తాగిన చప్పుడు, "అన్నవెట్టు" అని అతని గొంతు. చింతపిక్కలు లేవు. విసనకర్ర లేదు. అచ్చం మా ఇల్లే. నేను కోరుకున్నది అదే కదా? మరి నా కడుపెందుకు నిండలేదు?

పట్నంలో ఉండలేక వాళ్ళు పద్మనాభం తిరిగిపోయారు. పోయే రోజు నూకరత్నం మా గుమ్మంలోకి వచ్చింది.

"పోయొత్తాను వొదినా."

"రత్నం, ఆ రోజు తాళం..." అని మొదలుపెట్టాను. నిజం చెప్పేద్దామనే మొదలుపెట్టాను, మీరు నమ్మినా నమ్మకపోయినా. ఏడుపొచ్చేసింది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకో వొదినా. మనిసన్నాక మర్సిపోదా ఏటి? రెండు నెలలు ఏసినావు, ఒక్కరోజు మర్సిపోనావు. దానికి నువ్వెందుకు ఏడుత్తావు?"

ఎంత తేలిక దారి చూపించిందో చూశారా? నేను దాన్ని పట్టుకుని బయటపడ్డాను.

"మర్సిపోనాను రత్నం," అన్నాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఇంతవరకూ రాసి కాగితం మడిచేశాను కూడా. కానీ మీకు చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. గొంతులో ముల్లు అదే. అది దాచుకుంటే ఇదంతా రాయడం ఎందుకు?

అది నొక్కితే పడే తాళం. ఠక్కుమని గట్టిగా చప్పుడవుతుంది. ఆ చప్పుడు వింటేగాని లోపల వాళ్ళు నిశ్చింతగా నడుం వాల్చేవాళ్ళు కాదు. అందుకని ఆ రోజు తాళంకప్పని నా అరచేతిలోనే పెట్టుకుని, తలుపుకి దగ్గరగా ఉంచి, నొక్కాను. ఠక్కుమంది. లోపలినుంచి నూకరత్నం రోజూలాగే మెల్లగా, "పడింది వొదినా, ఎల్లు," అంది. నేను వచ్చేశాను.

మరిచిపోయినవాళ్ళు అలా చప్పుడు చేస్తారా?

ఆమె ఆ చప్పుడు విన్నది. బదులు కూడా పలికింది. మరి నా చెయ్యి పట్టుకుని మరిచిపోయావు అన్నప్పుడు ఆ సంగతి ఆమెకి గుర్తు లేదా? గుర్తుండే అన్నదా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. పద్మనాభం ఎంతో దూరం కాదు, బస్సెక్కితే గంట. పదమూడేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదు. ఆమె అవునంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు, కాదంటే ఏం చెయ్యాలో కూడా తెలియదు.

రత్నం, నీకు చదువు రాదు. ఈ కాగితం నీ చేతికి వచ్చినా ఎవరో ఒకరు చదివి వినిపించాలి. అయినా రాస్తున్నాను. నేను మరిచిపోలేదు. ఆ తాళం నా చేతిలో వేశాను.

రాసేశాను. గొంతు కాస్త తెరుచుకున్నట్టుంది. వీధిలో చెప్పుల చప్పుడైంది, ఆయన వచ్చినట్టున్నాడు. లేచి అన్నం పెట్టాలి.